జూన్‌లో ఉన్ని మేజోళ్లు

స్టామెంకా మామ్మ వార్డులోకి వస్తూనే కిటికీ మూసేసింది.

"రెండువైపులా తెరిచి పెట్టారు. పిల్లని గాలికి చంపేస్తారా?"

బయట జూన్ ఎండ మండుతోంది. వార్డులో పిల్లలందరికీ చెమటలు. నర్సు రదోయ్కా వెళ్లి కిటికీ మళ్లీ తెరిచింది. సెర్బియాలో ముసలివాళ్లతో గాలి గురించి వాదించి గెలిచినవాళ్లు లేరు. మామ్మకు తెలిసిన వైద్యమంతా రెండే ముక్కలు: గాలి, చలి.

మామ్మ సంచిలోంచి ఉన్ని మేజోళ్లు తీసింది. పీరోత్ కొండల మీద మేసే తన గొర్రెల ఉన్ని. తనే వడికి, తనే అల్లింది.

"మళ్లీనా?" అంది కోడలు యాస్నా. "అవి మేజోళ్లు కావు అత్తయ్యా, ముళ్లకంప. చిన్నప్పుడు తొడిగితే దున్యా పీకి అవతల పారేసేది."

"నీకూ గుర్తుందన్నమాట" అంది మామ్మ. "నేలచలి కాళ్లలోంచి కిడ్నీలకెక్కుతుంది, అమ్మాయ్."

"నేలా! ఇది నేల మీద కాలు పెట్టి పదకొండు రోజులైంది. మీ చెర్రీ చెట్టు మీంచి పడ్డ పుణ్యమా అని!"

మామ్మ దుప్పటి పైకి మడిచి మేజోళ్లు తొడగసాగింది.

ఏడేళ్ల దున్యా వెల్లకిలా పడుకుని ఉంది. వెన్ను కదలకూడదు. రెండు గంటలకోసారి నలుగురు చేరి, దుంగను దొర్లించినట్టు ఒక్క ఊపున పక్కకు తిప్పుతారు. మడమలు ఎర్రబడ్డాయేమో చూస్తారు. బొడ్డు కింద స్పర్శ లేదు. వాపు తగ్గాక రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు.

రోజూ ఉదయం ఆయన సూదిమొనతో కాళ్ల మీద తాకి, "తెలుస్తోందా?" అని అడుగుతాడు. దున్యా తల్లి ముఖంలోకి చూసి, "తెలుస్తోంది" అంటుంది. ఆయన తాకకుండా అడిగినా అదే మాట. యాస్నా గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంటుంది.

మామ్మ ఏమీ అడగదు. మేజోళ్లు తొడిగి, గొర్రెల కబుర్లు చెబుతూ మనవరాలి ముఖమే చూస్తూ కూర్చుంటుంది. కాసేపటికి రదోయ్కా వచ్చి విప్పేస్తుంది.

"ఒరుసుకుంటే పుండు పడుతుంది మామ్మగారూ! ఎన్నిసార్లు చెప్పాలి? చెవులకు కూడా మేజోళ్లు తొడుక్కున్నారా?"

వార్డంతా నవ్వింది.

"రేపు కంబళి కూడా తెస్తుంది చూడండి" అంది పక్క మంచం పిల్లాడి తల్లి.

మర్నాడు మామ్మ కంబళి తేలేదు. కిటికీ మూసింది. మేజోళ్లు తొడిగింది. మచ్చల గొర్రె కంచె దూకి పక్కవాళ్ల క్యాబేజీలు మేసిన వైనం మొదలుపెట్టింది. యాస్నా విసుగ్గా మంచినీళ్లు వంచుకుంటోంది.

దున్యా మొహం చిట్లించింది.

"ఛీ, నానమ్మా! తీసెయ్, గుచ్చుకుంటున్నాయి!"

యాస్నా చేతిలో గ్లాసు జారిపోయింది. రదోయ్కా డాక్టరు కోసం పరుగెత్తింది.

మామ్మ ఆ మేజోళ్లు విప్పి చెత్తబుట్టలో పడేసి, మొదటిరోజే కొని, ధర చీటీ కూడా చింపకుండా సంచి అడుగున దాచి ఉంచిన మెత్తని నూలు మేజోళ్లు బయటికి తీసింది.