తాబేలు తాత ఓటమి

మడుగు ఒడ్డున తాబేలు తాత రోజూ బాతుపిల్లలకు పొడుపు కథలు పొడిచేవాడు. విప్పలేనివాళ్ళు "ఓడిపోయాను" అని ఒప్పుకుంటేనే పొడిచినవాళ్ళు జవాబు చెప్పాలి. తాత నోట ఆ మాట ఏనాడూ రాలేదు.

ఆ రోజు పొడిచీ పొడిచీ తాత గొంతు బొంగురుపోయింది. "ఇంకొక్కటి తాతా!" అంటూ పిల్లలు చిప్ప మీద ముక్కులతో కొడుతూనే ఉన్నారు.

అందరికంటే చిన్న బాతుపిల్ల తాత కళ్ళలోకి చూసింది. "ఇవాళ నేను పొడుస్తా. వీపు మీదే ఇల్లుంది, పడుకునే వీల్లేదు. ఏమిటది?"

వినగానే తాతకు తెలిసిపోయింది. కానీ ఆ జవాబు ఇంకొకరి నోట వినాలనిపించింది.

"ఓడిపోయానమ్మా. నువ్వే విప్పు."

"నువ్వే తాతా!"

తాత మెల్లగా తల లోపలికి లాక్కున్నాడు. చిప్ప మీద ఎవరూ కొట్టలేదు.