అప్పన్న పేరు

మంగరత్నం ఇంట్లో కూర్చునే ఆరేళ్లు తన గొంతు రికార్డు చేసిచ్చి యంత్రానికి ఇంగ్లీషు నేర్పింది. పుస్తకాల ఇంగ్లీషు కాదు. గెట్, పుట్, టేక్ లాంటి చిన్న మాటలకు అప్, ఆఫ్, ఔట్ తగిలించి, మధ్యలో 'యూ', 'మీ' అంటూ మిమ్మల్నీ నన్నూ ఇరికించి జనం రోజూ మాట్లాడుకునేది. బడిపిల్లల కోసమని కంపెనీవాళ్లు చెప్పారు. పుణ్యమే కదా అనుకుంది. నోరు తిరగని మాట వచ్చినప్పుడల్లా "అప్పన్నా" అని సింహాద్రి స్వామిని తలుచుకుని మరీ పలికేది.

ఇప్పుడు ఏ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చినా మాట్లాడేది యంత్రమే. ఆ ఉదయం ఆమె దేవుడికి దీపం పెట్టబోతుంటే కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. భర్త సన్యాసిరావు స్పీకరు నొక్కాడు.

"అప్పన్నా... వీ ఆర్ లెటింగ్ యూ గో."

"ఓసి, ఇది నీ గొంతే! ఏటంతంది?"

"రేపట్నించి పని లేదంతందండి."

"నీ గొంతుతోనే నిన్ను పీకేసినారేటే!"

మంగరత్నం దీపం వైపు తిరిగింది. మాటలన్నీ తనే ఇచ్చింది. అప్పన్న పేరు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అగ్గిపుల్ల గీసి, అలవాటుగా స్వామిని పిలవబోయి ఆగిపోయింది.

"ఇద్దరం ఒకే గొంతుతో పిలుస్తుంటే, నేనెవరో నీకు తెలుస్తాదా, తండ్రీ?"