మేకుల్లేని వంతెన

శనివారం ఉదయం పది గంటలకు రావులపాలెం దగ్గర పంటకాలువ మీద ఇంజినీరు వినీల నిలబెట్టిన కాలినడక వంతెన యాభై అరటి గెలలను, వాటిని మోసుకొచ్చిన కూలీలను ఒకేసారి మోసింది. వంగలేదు.

అరటినార, రెజిన్ జిగురు కలిపి నొక్కిన పలకలవి. ఒకదాని గాడిలో ఇంకొకదాని అంచు దిగుతుంది. మేకు లేదు, బోల్టు లేదు.

నీటిపారుదల శాఖ ఏఈ శివరామకృష్ణ వంతెన మీద అటూ ఇటూ నడిచి వచ్చాడు. మంజూరు ఫైలు మీద సంతకం మాత్రం పెట్టలేదు.

"బరువు సంగతి సరేనండి. వరదొస్తే విప్పాలి, తగ్గాక బిగించాలి. ప్రతిసారీ మీరే రావాలంటే మాకెందుకండీ?"

"ఎవరైనా బిగించగలరు సార్."

"ఆ ఎవరైనాని సోమవారం చూపించండి. లేకపోతే ఫైలు వెనక్కి పంపేస్తాను."

వినీల రెండేళ్ల పని ఆ ఫైల్లో ఉంది.

గట్టు మీద దిగువపేట ఆడవాళ్లు నవ్వుకుంటున్నారు. వాళ్లలో వెంకటదుర్గ గొంతు పెద్దది.

"ఏంటమ్మా, బొమ్మరిల్లా ఇది? గట్టిగా తుమ్మితే పడిపోదూ?"

"తుమ్మి చూడండి అక్కా."

"తిరగేసి పెడితేనో?"

"దిగదు. సరైన వైపే దిగుతుంది."

"ముందు ఏ ముక్క ఊడుతుందేంటి?"

"ఆ చివరిది. కింద నుంచి కొయ్య సుత్తితో ఒక్క దెబ్బ." వినీల ఊడదీసి చూపించి, మళ్లీ బిగించింది.

వెంకటదుర్గ పక్కనున్న విడి పలకను ఒక కొసన పట్టి లేపింది. "మా దూడే నయం, దీనికంటే బరువుంటుంది."

"సోమవారం ఏఈ గారి ముందు మీరే బిగించి చూపిస్తారా అక్కా?"

"మాకేం పనమ్మా? మా తాటిదుంగల వంతెన కొట్టుకుపోయి ఏడాదైంది. అడిగితే మంజూరు కాలేదన్నారు. ఈ ఊరి వంతెన మేం బిగించాలా?"

అందరూ వెళ్లిపోయారు. ఆదివారం వినీల బిగించడానికి రమ్మని ఊరంతా అడిగింది. మాకు తెలియదమ్మా అన్నవాళ్లే గానీ వస్తామన్నవాళ్లు లేరు.

సోమవారం ఉదయం ఏఈ, వినీల వచ్చేసరికి కాలువ మీద వంతెన లేదు.

"చూశారా? తేలిగ్గా ఊడొస్తే ఇదే గొడవండి. ఈపాటికి ఏ లారీలోనో తుని దాటేసుంటుంది."

గట్టు బురదలో అడుగుజాడలు దిగువకు పోతున్నాయి. వినీల వాటి వెంట నడిచింది. ఏఈ ఫోనులో మాట్లాడుతూ వెనకే వచ్చాడు. కాలువ మలుపు తిరగ్గానే అతను ఫోను దించాడు.

దిగువపేట పిల్లలు వంతెన మీదుగా బడికి వెళ్తున్నారు.