ఒకే తోట గింజలు

ఏరే మనిషి రాలేదని కోడలే చాట ముందేసుకుని కోకో గింజలు ఏరుతోంది. ఒకటి విరిచి చూస్తే లోపలంతా బూడిదరంగు బూజు. తడిసిన గోనెసంచి కంపు కొట్టింది.

"ఇవి మన తోటవి కావత్తయ్యా! మనం పులియబెట్టి ఎండబెట్టినవి ఇలా ఉండవు."

"బజార్లో ఎవరూ కొనకపోతే మీ ఆయన చవగ్గా తెచ్చాడు" అంటూ అత్త, ఆమె పారేసిన గింజల్ని మళ్ళీ చాటలో పోసింది. "కాస్త ముదరగా వేయించి చక్కెర దట్టిస్తే ఎవడికి తెలుస్తుందే?"

"చాక్లెట్ రేపర్ మీద ఒకే తోట గింజలని రాసి, పోయిన మామయ్యగారి ఫొటో కూడా వేశాం కదా!"

"ఆయనేమన్నా ఫొటోలోంచి దిగొచ్చి రుచి చూస్తారా? సాయంత్రం పెద్ద బేరగాళ్ళొస్తారు. నీ మాటంటే వాళ్ళకి గురి. నవ్వుతూ నాలుగు ముక్కలు చెప్పు."

పెద్దావిడకి బూజు సంగతి తెలియదేమో అనుకుంది కోడలు. "తింటే జబ్బు చేస్తుందత్తయ్యా."

"ఆమాత్రం తెలీదుటే?" అత్త ముద్దుగా నవ్వింది. "అందుకేగా మనింటికి మంచి గింజలతో చేసినవి పై అరలో వేరే డబ్బాలో పెట్టాను. నిరుటి వానల్నించి నీకూ నీ కూతురికీ అందులోంచే ఇస్తున్నా."

నిరుటి వానల్నించి! మొన్న కొట్టు దగ్గర ఏడుస్తున్న ఎవరి పసివాడినో ఊరుకోబెట్టడానికి, "మా తోటదే నాన్నా" అంటూ తన చేత్తో వాడి నోట్లో పెట్టిన చాక్లెట్ ముక్క గుర్తొచ్చింది.

కోడలు గుప్పెడు బూజు గింజలు చేతిగుడ్డలో మూటగట్టుకుంది. గడప దాటి, బేరగాళ్ళు దిగిన లాడ్జి వైపు నడిచింది.