మూగ సెనేటర్ నోరు విప్పాడు

సెనేటర్ కితావి నోరు విప్పడానికి ఇవాళే ఆఖరి రోజు. సాయంత్రంతో సభ ముగుస్తుంది. ఆ తర్వాత ఎన్నికలే.

ఐదేళ్లుగా నైరోబీలోని సెనేట్‌లో ఆయన బెల్లం కొట్టిన రాయి. చెయ్యెత్తమంటే ఎత్తాడు, టీ ఇస్తే తాగాడు. ఏ సభ్యుడు ఎంత మాట్లాడాడో, ఏం పని చేశాడో చూసి ఏటా ఒక సంఘంవాళ్లు నివేదిక వేస్తారు. అందులో మూగ సెనేటర్ల వరసలో మొదటి పేరు ఎప్పుడూ ఈయనదే. ఈసారి కూడా అలాగే వస్తే టికెట్ లేదని పార్టీ అధ్యక్షుడు మొహం మీదే చెప్పేశాడు.

అలాగని ఆయనకి మాటలు రావనుకుంటే పొరపాటే. సొంత జిల్లాలో ఎవరు పోయినా కితావి వెళ్లాల్సిందే. శవపేటిక పక్కన మైకు అందుకున్నాడంటే పాస్టరుకి ఆవలింతలు, వంటవాళ్లకి చల్లారిపోయిన ఉగాలి ముద్దలు. పోయినవాడి గురించి రెండు ముక్కలు, ప్రత్యర్థుల గురించి రెండు గంటలు. ఆయన ఓట్లన్నీ సమాధుల దగ్గర రాలినవే.

“శవం ముందు సింహం, సభలో పిల్లి,” అని భార్య కటుంగె పొద్దున్నే టీ కప్పు చేతికిస్తూ దెప్పింది. “ఆ సభ కూడా పోయిందనుకుని మాట్లాడి రండి. నోరు దానంతటదే తెరుచుకుంటుంది.”

అప్పటికీ తొందరగా బయల్దేరాలనే అనుకున్నాడు. కానీ దారిలో ఒక పెద్దాయన్ని పూడ్చిపెడుతున్నారు. మైకు కనబడ్డాక ఇక ఆయన వశంలో ఏముంది? నైరోబీ చేరి, గుమ్మంలో సభాపతికి వంగి దండం పెట్టి లోపల అడుగుపెట్టేసరికి చర్చ నడుస్తోంది. పక్క సీటు ఒపొండో అప్పుడే మాట్లాడి కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు.

“ఇప్పుడా రావడం, తమ్ముడూ? చూసి చూసి ఇక నేనే లేచి పెట్టేశాను.”

“ఏం పెట్టావు?”

“పరాచికాలా? బిల్లు! అంత్యక్రియల్లో రాజకీయ నాయకులు మైకు ముట్టుకోకూడదు, ముట్టుకుంటే జైలు. ఆ బిల్లే!”

కితావికి అరికాలి మంట నెత్తికెక్కింది. టికెట్ పోతే పోయింది. సమాధులు కూడా పోతే ఇక బతికేదెట్లా? పక్కన కూర్చుని, రోజూ తనతో టీ పంచుకు తాగిన ఒపొండోనే ఇలా గొంతు కోస్తాడా? ఒక్క క్షణం ఆయనకి ఏడుపే వచ్చింది. తర్వాత బల్ల మీది మీట నొక్కాడు.

సభాపతి కళ్లజోడు సవరించుకుంది. “సెనేటర్ కితావి... మాట్లాడతారా?”

నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి ఇటు తిరిగారు.

“అధ్యక్షా, నేను ఈ బిల్లును వ్యతిరేకిస్తున్నాను!”

“వ్యతిరేకిస్తున్నారా? మీరు?”

“ఊపిరున్నంత వరకూ!”

సభ్యులు కాళ్లతో నేలను దబదబా తన్నడం మొదలెట్టారు. ఆ సభలో మెచ్చుకోలంటే అదే. ఐదేళ్లలో ఆ చప్పుడు ఎన్నోసార్లు విన్నాడు గాని, తన కోసం వినడం ఇదే మొదలు. కితావికి పూనకం వచ్చేసింది.

“ఈ బిల్లు రాసినవాడికి తల్లీ తండ్రీ లేరా? రేపు వాళ్లు పోతే ఎవరు మాట్లాడాలి? మన పేదవాణ్ణి బతికుండగా ఎవడూ పలకరించడు. పోయాకైనా ఒక సెనేటర్ వచ్చి పేరు పలికితే నేరమా? ఇది రాసినవాడు ఒఠ్ఠి దద్దమ్మ! అలాంటివాణ్ణి గెలిపించి పంపిన జిల్లా సిగ్గుతో తలదించుకోవాలి!”

నేల అదిరిపోయింది. ఒకాయన పొట్ట పట్టుకుని బల్ల కిందికి జారాడు. సభాపతి కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఒపొండో కోటు పట్టుకుని లాగాడు. “కూర్చో తమ్ముడూ, నీకు దండం పెడతాను!”

“ఇప్పుడు నొప్పి తెలిసిందా?” అని విదిలించుకున్నాడు కితావి.

పైన సందర్శకుల వరసలో కనీని లేచి నిలబడి రెండు చేతులూ ఊపేస్తోంది. ఆయన ఆఫీసు వ్యవహారాలన్నీ చూసేది ఆవిడే. ఆవిడ ముందు పెట్టిన కాగితం మీద ఆయన సంతకం చేస్తాడే గాని చదివే అలవాటు లేదు. అంత నమ్మకం. మామూలుగా నవ్వని మనిషి ఇవాళ ఇంతగా చేతులూపుతోందంటే ప్రసంగం ఏ స్థాయిలో ఉందో ఆయనకి అర్థమైంది. గొంతు ఇంకో మెట్టు పెంచాడు. జేబులో ఫోను అదేపనిగా కొట్టుకుంటుంటే తీసి నోరు నొక్కేశాడు.

ఓటింగు పెట్టారు. “కాదు” అన్న కేకకి పైకప్పు లేచినంత పనైంది. బిల్లు పోయింది.

బయటికొస్తుంటే సభ్యులు వరసకట్టి చెయ్యి కలిపారు. “నీలాంటివాణ్ణి మళ్లీ చూడమయ్యా,” అని ఒక పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. కితావి ఛాతీ కోటు గుండీలకి ఆగేలా లేదు.

కనీని మెట్ల మీద కూలబడి ఉంది.

“చూశావా, కనీనీ! ఇక నా టికెట్ ఎవడాపుతాడో రమ్మను. నివేదికలో నా గురించి ఏం రాస్తారంటావ్?”

“ఏం రాస్తారు సార్... మీరు టైముకి రాలేదని ఒపొండో గారు మీ తరఫున లేచి ప్రవేశపెట్టిన, ఐదేళ్లలో మీ పేరు మీదున్న ఒకే ఒక్క బిల్లును, మీ ఒకే ఒక్క ప్రసంగంతో మీరే పూడ్చిపెట్టారని రాస్తారు.”