సెలవునాడు ప్రాక్టీసు

కూతురు గుమ్మంలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటోంది.

"ఎక్కడికి?" అన్నాడు తండ్రి.

"ప్రాక్టీసుకి నాన్నా."

"ఇవాళ సెలవు. ఫ్యాక్టరీలు, బ్యాంకులు, ఆఫీసులు అన్నీ మూసేశారు. మీ వాలీబాల్‌కి మాత్రం సెలవు లేదా?"

"మేడం రమ్మన్నారు."

"సెలవొస్తే చాలు, ఇదే పాట! ఎవరా మేడం? పిల్లల్ని కొనేసుకుందా?"

"పోనివ్వండి," అంది వంటగదిలోంచి భార్య.

"నిన్నడిగానా?"

కూతురు రెండో లేసు కట్టుకోకుండానే వీధిలోకి వెళ్ళిపోయింది.

ఫ్యాక్టరీలో అతన్ని అందరూ లీడర్ అంటారు. లేత్ మిషన్ మీద పని, యూనియన్‌లో మైకు. సెలవంటే యజమాని వేసే ముష్టి కాదు, మనం కొట్లాడి తెచ్చుకున్న హక్కు అని గేటు ముందు అతను గొంతు చించుకుంటే చప్పట్లు మోగిపోతాయి. మాట నిజమే. ఆ హక్కును అతను ఇంట్లో ఎలా వాడుకుంటాడో చప్పట్లు కొట్టేవాళ్ళకి తెలియదు. సెలవునాడు పొద్దున్నే సీసా మూత లేస్తుంది. మధ్యాహ్నానికి గొంతు లేస్తుంది. ఆ తర్వాత పక్కింటివాళ్ళు టీవీ సౌండు పెంచుకుంటారు.

మర్నాడు యూనియన్ మనిషిని ఒకణ్ణి వెంటేసుకుని వాలీబాల్ క్లబ్బు ఆఫీసులో దిగాడు.

"సెక్రటరీగారూ, సెలవునాడు పిల్లలచేత చాకిరీ చేయించమని ఏ రూల్లో రాసుంది? చూపించండి!"

సెక్రటరీ కళ్ళజోడు తీశాడు. "సెలవునాడా? గ్రౌండుకి తాళం వేసి ఉంటుందే!"

కోచ్‌ని పిలిపించాడు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంది కాబట్టి ఆమెకి ఈల మేడం అని పేరు. ఎండలో నిలబడి నిలబడి మాడిపోయిన మొహం, అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు.

"సెలవుల్లో ప్రాక్టీసు పెడుతున్నావా?"

"పెడుతున్నాను సార్. వాచ్‌మన్ దగ్గర తాళంచెవి తీసుకున్నాను."

"ఎవర్నడిగి? ఎందుకు?"

ఆమె నోరు తెరిచింది. లీడర్ వైపు చూసింది.

"టోర్నమెంటు దగ్గర పడుతోంది కదా అని సార్. తప్పే."

లీడర్ బల్ల గుద్దాడు. "నీకు ఇల్లూ వాకిలీ లేకపోతే ఇంకెవరికీ ఉండవనుకున్నావా? సెలవునాడు కూడా కన్నతండ్రి మొహం చూడనివ్వవా పిల్లని?"

"పెళ్ళీ పెటాకులూ లేనివాళ్ళకి సెలవొస్తే ఏం తోస్తుంది అన్నా?" అని నవ్వాడు వెంట వచ్చినవాడు.



యూనియన్‌తో గొడవ ఎందుకని సెక్రటరీ తేల్చేశాడు. "రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదమ్మా."

ఆమె మెడలోంచి ఈల తీసి బల్ల మీద పెట్టింది. మెట్ల దగ్గర లీడర్‌కి ఎదురై ఆగింది.

"వచ్చే సెలవుకి మీరు ఊళ్ళోనే ఉంటారా సార్?"

"ఊళ్ళో ఏంటి, ఇంట్లోనే ఉంటా. సెలవిచ్చేది అందుకే!"

ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అన్నం దగ్గర అతను మీసం దువ్వాడు. "నీ సెలవులు నీకు ఇప్పించేశాను పో! ఆ ఈలమ్మ ఉద్యోగం ఊడింది."

కూతురి చేతిలో ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "మేడం ఏం చెప్పారు?"

"ఏం చెబుతుంది? తప్పు ఒప్పుకుంది."

"ఇంకేమీ చెప్పలేదా?"

"నా ముందా? అంత నోరుందా దానికి!"

ఆ పిల్ల లేచి చెయ్యి కడిగేసుకుంది.

మళ్ళీ సెలవొచ్చింది. కూతురు ఇంట్లోనే ఉంది. పొద్దున్నే సీసా మూత లేచింది. కూరలో ఉప్పు ఎక్కువైందని మొదలై, మధ్యాహ్నానికి భార్య మీదికి స్టూలు ఎత్తాడు. కూతురు అడ్డం వచ్చింది. వాలీబాల్ ఆడే పిల్ల కదా, మీదికొచ్చేదానికి రెండు చేతులూ అడ్డం పెట్టడమే తెలుసు. ముంజేతి ఎముక విరిగింది.

ఆ చప్పుడుకి అతని మత్తు దిగిపోయింది.

ఆసుపత్రిలో నర్సు కట్టు కడుతూ అడిగింది. "ఎలా తగిలిందండీ?"

భార్య నేల చూపులు చూసింది. లీడర్ గొంతు సవరించుకున్నాడు. మైకు ముందు ఎన్నడూ తడబడని గొంతు.

"ప్రాక్టీసులో... పడింది సిస్టర్. వాలీబాల్. సెలవునాడు కూడా ప్రాక్టీసులు పెట్టి చంపుతున్నారు పిల్లల్ని."

"ఏ క్లబ్బు?"

చెప్పాడు.

"అదేంటండీ! మా అమ్మాయిదీ అదే టీము. పొద్దున్నించీ ఇంట్లోనే దొర్లుతోంది. సెలవునాడు వాళ్ళకెప్పుడూ ప్రాక్టీసు లేదే! ఈల మేడం ఉన్న రోజుల్లో అయితే, సెలవునాడు గ్రౌండు ఛాయలకొచ్చారంటే కాళ్ళు విరగ్గొడతాననేది. హాయిగా ఇంట్లో పడుకోండర్రా అని తరిమేసేది."

లీడర్ జేబురుమాలు తీసి నోరు తుడుచుకున్నాడు.

నర్సు చేతులు ఆగాయి. అతని నోటినుంచి వస్తున్న వాసన అప్పుడు తగిలినట్టుంది. కట్టు వైపు చూసింది, భార్య వైపు చూసింది, అతని వైపు చూసింది.

అతను కూతురి మొహంలోకి చూడబోయాడు. చూడలేకపోయాడు.

ఆ పిల్ల మాత్రం నర్సుతోనే, నెమ్మదిగా అంది: "నా ఒక్కదానికే ఉండేదాంటీ. సెలవంటే భయం మేడం అని చెబితే, నెట్టుకి అవతల తనొక్కతే నిలబడి, నాన్న నిద్రపోయే వేళదాకా నాతో ఆడేది."