కొండ మీది ఏరియా

తుఫానులో మందుల కంపెనీ విశాఖ హెడ్డాఫీసు మునిగిన రోజున చింతపల్లి శాఖలో మందుల బీరువా తెరుచుకోలేదు. మనుషులకు బదులు బీరువాలే మందులిచ్చే కాలమది. హెడ్డాఫీసు ఊ అంటేనే వాటి తలుపులు కదులుతాయి.

"ఏటమ్మా, వానకి నీ బీరువాకీ జలుబు సేసినాదేటి? మనవరాలికి ఇన్సులిన్ అయిపోనాది," అంది సన్యాసమ్మ.

శాఖ చూసుకునే సుగుణ బీరువా తలుపును మళ్లీ లాగి చూసింది.

అంతలో బీరువాయే పలికింది. "విశాఖకు దారి లేదు. పాడేరు శాఖను అడుగుతున్నాను. సరేనంది." తలుపు తెరుచుకుంది.

కంపెనీ నెట్‌వర్కును ఏరియాలుగా, అంటే దగ్గరి శాఖల గుంపులుగా, విడగొట్టింది సుగుణ తమ్ముడు త్రినాథ్. అతను పోయి ఇంకా నెల కాలేదు. కింద ఏమైనా కొండ మీది శాఖలు ఒకదాన్నొకటి అడిగి నడవాలని పైవాళ్లతో పోట్లాడి ఒప్పించాడు. "పక్కింటికెళ్లడానికి విశాఖ మీంచి వెళ్తామా అక్కా?" అనేవాడు.

"ఈ ఏర్పాటు ఎవులు సేసినారో గానీ, సల్లగుండాల," అంది సన్యాసమ్మ, మందు కొంగులో చుట్టుకుంటూ.

"మా తమ్ముడేనమ్మా," అంది సుగుణ. ఆ దీవెనను కాదనడానికి ఆమెకు మనసు రాలేదు.

సాయంత్రానికి కొండ మీది శాఖలన్నీ మందులిస్తున్నాయని కబురొచ్చింది, ఒక్క సీలేరు తప్ప. సీలేరును ఆ ఏరియాలో కలిపే పని మొదలుపెట్టే లోపే త్రినాథ్ పోయాడు.